వశిష్ఠ మధ్యలో ముప్పావు గంట

నాలుగు నెలలుగా చీర అంచుకు పనికొచ్చే కొత్త తీగ ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. గీసిన ప్రతి లతా నిరుడు గీసినదానికి చెల్లెలిలా ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా 2019లో తన వర్గీకరణలో వివరించిందని ఎక్కడో చదివాను. సత్తువ ఇగిరిపోవడం, పని అంటేనే ఏవగింపు కలగడం, చేసింది చేసినట్టు అనిపించకపోవడం అని అందులో చెప్పిన మూడు లక్షణాలూ నాకు సరిగ్గా అతికాయి. రెండు రోజులు ఎటైనా వెళ్లి రమ్మని చెప్పనివారు లేరు. ఆ సలహా విని విని, వెళ్లడం కూడా చేయాల్సిన పనుల్లో ఒకటిగా మారిపోయాక, ఒక శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

నరసాపురాన్ని ఎంచుకోవడానికి కారణం ఒక గుడ్డ. మాడపొల్లం అనే మెత్తని నూలు గుడ్డ పేరు బట్టల పనిలో ఉన్న నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ పేరు నరసాపురాన్ని ఆనుకుని ఉన్న మాధవాయిపాలెం నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం నడిపిన ఊరు అది. ఒక గుడ్డకు పేరిచ్చిన ఊరిని చూస్తే ఏదైనా తడుతుందని ఆశపడ్డాను. తీరా వెళ్తే ఆ వర్తకానికి గుర్తుగా నా కంటికి ఏమీ ఆనలేదు. గోదావరి పాయ వశిష్ఠ మీద రేవు మాత్రం ఉంది, రేవులో జనాన్నీ బళ్లనూ ఏరు దాటించే పంటు ఉంది.

శనివారం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో దిగగానే అంతర్వేదికి ఆటో అతను మూడు వందలు అడిగాడు. పక్కన నిలబడిన స్థానికురాలు ముఖం తిప్పుకుని నవ్వడం చూశాక, నేను ఎంత మోసపోయానో తెలిసింది. నరసింహస్వామి దర్శనం చేసుకున్నాను. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది ఒకవైపు, సముద్రం ఒకవైపు చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. ఒళ్లో నోటుపుస్తకం తెరిచే ఉంది. ఆలయ గోపురం మీది బొమ్మల్లో కూడా అంచుకు పనికొచ్చేదేమైనా ఉందా అని వెతికిన సంగతి గుర్తొచ్చి నా మీద నాకే చిరాకు వేసింది. విశ్రాంతికని వచ్చి, విశ్రాంతి చేతా కూలి చేయిస్తున్నాను. ఆ రాత్రి లాడ్జిలో ఫ్యాను చప్పుడుకు నిద్ర పట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం తిరుగు పంటు ఎక్కేసరికి నది పాటు మీద ఉంది, నీరు తీస్తోంది. రెండు నావలను జతచేసి పైన చెక్కలు పరిచిన ఆ తెప్ప మీద ఒక కారు, పదిహేను దాకా మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల గోతాలు, వాటి సందుల్లో మేము. నడి ఏట్లోకి వచ్చాక అడుగున ఏదో గరగరమని ఒరుసుకున్నట్టయింది. ఇంజను రెండుసార్లు గట్టిగా అరిచి ఊరుకుంది.

“ఇసుక మేట పడిందండి,” అన్నాడు గడ పట్టుకున్న కుర్రాడు, మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా.

నాకు సాయంత్రం రైలుంది. ఎంతసేపు పడుతుందని అడిగితే, “కదిలితే కదులుద్దండి, లేదంటే పోటు రావాలి,” అన్నాడు. ఇంతకాలంగా వింటున్న వంతెన ఉండుంటే ఈ బాధ లేదు కదా అని నేను విసుక్కుంటే, పక్కనున్న పెద్దాయన ఆ మాట తన పెళ్లినాటినుంచీ వింటున్నానని చెప్పి బీడీ వెలిగించారు.

నా ఎదురుగా గోతం మీద కూర్చున్న ఒకావిడ సంచిలోంచి తెల్లని నూలు ఉండ, కొసన చిన్న కొక్కెమున్న సూది తీసి లేసు అల్లడం మొదలుపెట్టింది. నరసాపురం క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని 2024లో పత్రికల్లో చదివానే గానీ, ఆ చేతులను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఎడమ చూపుడువేలికి నూలు ఒక చుట్టు తిరిగి ఉంది, అక్కడ చర్మం మీద నూలంత సన్నని గాడి పడింది. ఎనిమిది రేకుల పువ్వులో ఆరో రేకు దాకా వచ్చాక ఆమె ఆగి, వేలితో లెక్కపెట్టి, నూలు పట్టుకుని లాగింది. రేకు తరువాత రేకు సరసరా ఊడిపోయి మూడు మిగిలాయి. మళ్లీ అక్కడినుంచి అల్లుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. నేనైతే ఆ కాగితాన్ని ఉండచుట్టి, ఆ పూటంతా నన్ను నేను తిట్టుకునేదాన్ని.

“ఎన్నేళ్ల నుంచి అల్లుతున్నారండీ ఈ పువ్వు?”

“మా పెద్దమ్మాయి పుట్టక ముందునుంచండి.”

“కొత్త పువ్వు ఏదైనా వేయాలనిపించదా?”

“నమూనా పని ఇచ్చేవాళ్లే ఇస్తారండి. మనం మార్చకూడదు.”

“విసుగు రాదా మరి?”

ఆమె తలెత్తి చూసింది. “ఎందుకు రాదండీ? వచ్చినప్పుడు పక్కన పెట్టి పడుకుంటాను. ఇంత నూలుకి ఇంత అని కూలి. ఓ రోజు ఆలస్యంగా ఇస్తానని చెబితే పని ఇచ్చినాయన అరుస్తాడు, అరిచి ఊరుకుంటాడు.”

నా సంపాదనతో పోలిస్తే ఆమె కూలి ఎంతో ఊహించుకోగలను కాబట్టి, నా అలసట గురించి ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. అందులో సిగ్గుతో పాటు కొంచెం ఉక్రోషం కూడా ఉందని ఒప్పుకోవాలి. విసుగొస్తే పడుకోవడం, ఆలస్యమైతే చెప్పడం అనే రెండు పనులూ ఈ నాలుగు నెలల్లో నేను ఒక్కసారి కూడా చేయలేదు. అడిగినవారికల్లా రేపిస్తాననే అన్నాను.

చివరికి బళ్లన్నీ ఒక కొసకు జరపమన్నారు. ఎవరిదో తెలియని మోటారు సైకిలును నేనూ ఒక చేయి వేసి నెట్టాను. కుర్రాళ్లిద్దరూ గడలు దించి ఒంటి బరువంతా వాటి మీద వేశారు. ముప్పావు గంట తరువాత పంటు ఒక పక్కకు ఒరిగి, నీళ్లను తోసుకుంటూ కదిలింది. చేతికంటిన గ్రీజును నోటుపుస్తకం ఖాళీ పేజీకి తుడుచుకున్నాను. ఆ రెండు రోజుల్లో ఆ పుస్తకం మీద పడిన గుర్తు అదొక్కటే.

రైలు అందింది. పై బెర్తు మీద పడుకున్నదాన్ని మళ్లీ కళ్లు తెరిచేసరికి సికింద్రాబాదు. సోమవారం పదకొండు గంటలకు అంచుల ఆర్డరు ఇచ్చిన ఆయనకు ఫోను చేసి, ఇంకో పది రోజులు గడువు కావాలని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

“ఈ మాట పోయిన నెలే చెప్పొచ్చు కదమ్మా,” అన్నారు.