ఎన్ని గోల్స్ కొట్టావురా?

"నేను తాతయ్యతో మాట్లాడను" అన్నాడు మావాడు, ఆదివారం మధ్యాహ్నం, బురద సాక్సులు ఇంకా విప్పకుండానే.

ఎందుకురా అంటే జవాబు లేదు. ఫోన్‌లో అవతల మా నాన్నగారు కళ్ళజోడు సర్దుకుంటూ "ఏడీ, మా మనవడేడీ" అంటున్నారు. "స్నానానికి వెళ్ళాడు నాన్నా" అన్నాను. సోఫా వెనక నుంచి వాడు, ఆయనకి వినపడకుండా నాకు మాత్రం వినపడేంత గొంతుతో "మళ్ళీ అబద్ధం" అన్నాడు.

మళ్ళీ అనడానికి కారణం ఉంది. అంతకుముందు ఆదివారం నాన్నగారు ఎప్పట్లాగే "ఎన్ని గోల్స్ కొట్టాడమ్మా?" అని అడిగితే, "రెండు" అని చెప్పేశాను. మావాడు రైట్ బ్యాక్. రెండేళ్ళుగా ఆడుతున్నాడు, ఇంతవరకూ ఒక్క గోల్ కొట్టలేదు. అవతలివాళ్ళని కొట్టనివ్వకపోవడమే వాడి పని. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. కానీ పక్కన బాబాయి కూడా కూర్చుని వింటుంటే, సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటే, "డిఫెండర్ అంటే ఏంటంటే నాన్నా" అని మొదలుపెట్టే ఓపిక లేక రెండు అనేశాను. మూడంటే మరీ ఎక్కువవుతుందని రెండుతో ఆపాను. అబద్ధంలో కూడా మితం పాటించే మనిషిని.

వాడు అప్పుడు మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడట. అంతా విన్నాడు. వారం రోజులు లోపల పెట్టుకుని ఆ రాత్రి పడుకునేముందు బయటపెట్టాడు. "పుయోల్ స్పెయిన్‌కి 100 మ్యాచులు ఆడాడు. ఎన్ని గోల్సో తెలుసా? మూడు. వాళ్ళమ్మ అయిదని చెప్పి ఉండదు."

పుయోల్ ఎవరో నాకు తెలియదు. అంటే, ఆయన మా ఇంట్లో ఆరు నెలలుగా ఉంటున్నాడు, వాడి గోడ మీద, భుజాల దాకా ఉంగరాల జుట్టుతో. నేను ఎవరో రాక్ సింగర్ అనుకుని, పోస్టర్ ఊడిపోతుంటే కొత్త టేపు కూడా అంటించాను. వాడు పుట్టేసరికే ఆ మనిషి ఆట మానేశాడు. వాళ్ళ కోచ్ పాత వీడియోలు చూపించి "మీ పొజిషన్‌లో ఆడేవాళ్ళు ఈయన్ని చూడండి" అన్నాడట. అంతే, పట్టుకున్నాడు.

తప్పు చేసిన తల్లి ఏం చేస్తుంది? హోంవర్క్ చేస్తుంది. ఆ వారం రాత్రుళ్ళు గిన్నెలు సర్దేశాక కూర్చుని కార్లెస్ పుయోల్ గురించి చదివాను. 1978లో పుట్టాడు. లా పోబ్లా దె సెగుర్ అని స్పెయిన్‌లోని కాటలోనియాలో పిరనీస్ కొండల వైపు ఉన్న చిన్న ఊరు. మొదట గోల్‌కీపర్. భుజం దెబ్బతింటే ముందుకు పంపి ఫార్వర్డ్‌ని చేశారు. 17 ఏళ్ళకి, 1995లో బార్సిలోనా క్లబ్బు వాళ్ళ లా మసియాకి, అంటే పిల్లలకి ఆట నేర్పే అకాడమీకి వచ్చాడు. అక్కడి మిగతా పిల్లలు చాలామంది పదకొండు పన్నెండేళ్ళకే చేరిపోతారు, ఈయన వెళ్ళింది ఇంటర్ వయసులో. అక్కడ మిడ్‌ఫీల్డ్‌లో పెట్టారు, తర్వాత రైట్ బ్యాక్, ఆ తర్వాత సెంటర్ బ్యాక్. అంటే మైదానంలో ఆయనకి ఒక చోటంటూ దొరకడానికే చాలా ఏళ్ళు పట్టింది.

అక్కడ ఒక వాక్యం నా కంటపడింది. వాళ్ళ అమ్మానాన్నలకి వీడు ఫుట్‌బాలర్ అవుతాడన్న నమ్మకం లేదట, చదువుకోమనేవారట. నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పిరనీస్ కొండల్లో కూడా మనవాళ్ళే ఉన్నారు! పొద్దున్నే వాడికి సీరియల్ పోస్తూ "చూశావా, పుయోల్ వాళ్ళమ్మ కూడా చదువుకోమంది" అన్నాను. వాడు స్పూన్ ఆపి, కొంచెం జాలిగా చూశాడు. "కానీ అది తప్పయింది కదా?"

నిజమే. 1999 అక్టోబరులో ఫస్ట్ టీమ్‌లోకి వచ్చాడు, 2004లో కెప్టెన్ అయ్యాడు, 2014లో మోకాళ్ళు ఇక మొరాయించేదాకా అదే క్లబ్బు. 593 మ్యాచులు, 6 లీగ్ టైటిళ్ళు, 3 ఛాంపియన్స్ లీగ్‌లు. అసలు ఆ ఫస్ట్ టీమ్‌లోకి రాకముందే, 1998లో, మాలగా క్లబ్బుకి ఇచ్చేయడానికి బార్సిలోనా వాళ్ళు ఒప్పుకుంటే, వెళ్ళనని మొండికేశాడట. ఆయన స్నేహితుడు చావి అప్పటికే పెద్ద జట్టులో అడుగుపెట్టాడు, నేనూ ఇక్కడే ఉంటానన్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, చేతిలో ఏమీ లేదు. ఆఫర్ వస్తే ఒక ఊరు, ఇంకో ఆఫర్ వస్తే ఇంకో దేశం అన్నట్టు బతికిన మా ఇద్దరికీ, ఆ మొండితనం అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

ఒక శనివారం రాత్రి వాడి పక్కన కూర్చుని, వాడు చూపించమన్న గోల్ చూశాను. ఆ మూడిట్లో ఒకటి. 2010 వరల్డ్ కప్, డర్బన్‌లో సెమీఫైనల్, జర్మనీ మీద. 73వ నిమిషం దాకా సున్నా సున్నా. చావి కార్నర్ కొట్టాడు. బంతి గాల్లో ఉండగా, తెర బయటెక్కడి నుంచో ఒక మనిషి పరిగెత్తుకుంటూ వస్తాడు. మనిషి పొడుగేం కాదు, ఐదడుగుల పది. పక్కనే సొంత జట్టు పీకే కూడా లేవబోతున్నాడు. ఈయనకి అదేం పట్టలేదు. జుట్టు ముందుకి పడి మొహం కనపడదు, మెడ మాత్రం కొడవలి విసిరినట్టు తిరుగుతుంది. బంతి వలలో ఉంది. మావాడు దాన్ని పదకొండుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. పన్నెండోసారి నేనే తిప్పమన్నాను.

"ఆ కప్‌లో స్పెయిన్ మీద ఏడు మ్యాచుల్లో రెండే గోల్స్ పడ్డాయి. నాకౌట్ మొదలయ్యాక ఒక్కటి కూడా పడలేదు. నాలుగు మ్యాచులూ ఒకటి సున్నా" అన్నాడు. ఆ "సున్నా" అనేటప్పుడు వాడి మొహం చూడాలి. నా జన్మలో సున్నాని అంత ప్రేమగా పలికిన మనిషిని చూడలేదు. మా ఇంట్లో సున్నా అంటే బెల్టు.

ఇక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ నాకు పాఠం కనిపిస్తే ఆగలేను.

మా తెలుగు క్లాసు ఆదివారం పదకొండింటికి. మ్యాచ్ దూరంలో ఉంటే క్లాసు పోతుంది, పోయిన ప్రతిసారీ మా ఇంట్లో గొడవ. పుయోల్ కథలో నాకు కావలసింది దొరికింది. పుయోల్ ఇంటి భాష కాటలాన్. స్పెయిన్ నియంత ఫ్రాంకో బతికున్నంత కాలం, అంటే 1975 దాకా, ఆ భాషకి బడుల్లో చోటు లేదు. పుయోల్ పుట్టింది 1978లో. 1983లో చట్టం వచ్చి కాటలాన్ మళ్ళీ బడిలోకి వచ్చేనాటికి ఆయన ఎలిమెంటరీ వయసువాడు. అమ్మానాన్నలకి దక్కనిది పిల్లలకి దక్కింది. పెద్దయ్యాక ఆయన కెప్టెన్ పట్టీ కాటలోనియా జెండా రంగుల్లో ఉండేది, పసుపు మీద ఎర్ర గీతలు. 2009 మే 2న మాడ్రిడ్‌లో, బార్సిలోనాకి పాత ప్రత్యర్థులైన రియల్ మాడ్రిడ్ వాళ్ళ సొంత మైదానంలో తలతో గోల్ కొట్టి, ఆ పట్టీ లాగి ముద్దుపెట్టుకున్నాడు. ఆ రోజు బార్సిలోనా ఆరు, రియల్ రెండు. మళ్ళీ ఏడాది తిరిగాక స్పెయిన్ చొక్కా వేసుకుని డర్బన్‌లో ఆ గోల్ కొట్టాడు, కప్ గెలిచాక కాటలోనియా జెండా పట్టుకుని తిరిగాడు. రెండూ ఒకే మనిషి.

ఇంత మంచి సామగ్రి చేతికొస్తే ఏ తల్లి వదులుతుంది? కారులో, వాడు సీటుబెల్టుతో కట్టేసి ఉండగా, ప్రసంగం ఇచ్చాను. చూశావా, ఎంత పెద్దవాడైనా తన భాష వదల్లేదు, రెండు జెండాలూ మోశాడు, నువ్వు వారానికి ఒక గంటన్నర కూర్చోలేవా?

వాడు కిటికీలోంచి చూస్తూ ఇంగ్లీషులో అన్నాడు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఆయన వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాడు కదమ్మా. ఊరు వదిలేసి వచ్చింది మీరు కదా."

కోపంగా అనలేదు. లెక్క తప్పు చూపించినట్టు అన్నాడు. తర్వాతి రౌండబౌట్‌లో నేను తప్పు ఎగ్జిట్ తీసుకున్నాను.

దీనికి జవాబు ఇంకా వెతుకుతున్నాను. మేము వచ్చింది నీ కోసమే అనబోయి మానుకున్నాను. అది అబద్ధం, అప్పటికి వాడు పుట్టనే లేదు. ఆ క్లాసు మానిపించాలా? మానిపించలేదు. మొన్న వెళ్ళాడు, ఒత్తులు నేర్చుకుని వచ్చాడు. ఆ ముందువారం మ్యాచ్ ఉందని నేనే మానిపించాను. అంతకుముందు వారం, కప్ మ్యాచ్ ఉన్నా వినకుండా క్లాసుకి లాక్కెళ్ళాను. వాళ్ళు ఆ మ్యాచ్ నాలుగు సున్నాతో ఓడిపోయారు, రైట్ సైడ్ నుంచే మూడు పడ్డాయట. వాడు నాతో ఆ మాట అనలేదు, వేరే పిల్లాడి అమ్మ చెప్పింది. నా పద్ధతి ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

ఇలాంటివి రాసేటప్పుడు నలుగురికీ పనికొచ్చే మాట ఒకటి చెప్పాలంటారు. పిల్లల హీరోల్ని మన పాఠాలకి వాడుకోకండి అని రాద్దామనుకున్నాను. నిన్న రాత్రే "పుయోల్ బీరకాయ తినకుండానే అంత బలంగా అయ్యాడనుకుంటున్నావా" అన్నాను. స్పెయిన్‌లో బీరకాయ దొరుకుతుందో లేదో కూడా నాకు తెలియదు.

వాడికి చెప్పనిది ఒకటుంది. నా ఎంసెట్ ర్యాంకు పద్దెనిమిది వేల చిల్లర. ఆ వేసవిలో మా పెద్దనాన్న కూతురి పెళ్ళిలో బంతిలో కూర్చున్నాం. ఎదురు వరసలో ఎవరో అడిగితే నాన్నగారు "ఎనిమిది వేలు" అన్నారు. ముందున్న పది తీసేశారంతే. నా నోట్లో బూరె ఉంది. మింగలేను, కక్కలేను. ఆ తర్వాత భోజనం అయ్యేదాకా విస్తరి వైపే చూస్తూ కూర్చున్నాను. నేను తెచ్చుకున్న ర్యాంకు ఆయనకి సరిపోలేదని అప్పుడు అర్థమైంది. ఆ బూరె రుచి ఇన్నేళ్ళకీ గుర్తుంది. అంత గుర్తున్నదాన్ని, అదే పని నేనెలా చేశాను? పైగా నాన్నగారికే చెప్పాను ఆ అబద్ధం.

పుయోల్ గురించి చదివిన వాటిలో ఇంకోటి ఉంది. 2006 నవంబరులో వాళ్ళ నాన్న పనిలో ప్రమాదం జరిగి చనిపోయారు. ఆ ఏడాదే మేలో కొడుకు కెప్టెన్‌గా ఛాంపియన్స్ లీగ్ కప్ ఎత్తాడు. కొడుకుని చదువుకోమన్న నాన్న. ఆ లైను దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళం ఎవరమైనా అక్కడ ఆగుతాం. ఎన్ని గోల్స్ అని అడగడం తప్ప ఇక్కడి మనవడితో ఏం మాట్లాడాలో మా నాన్నకి తెలియదు. ఆటంటే ఆయనకి కబడ్డీ, చూసేది క్రికెట్. గోల్ అన్న ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నారు.

మొన్న ఆదివారం మ్యాచ్ డ్రా. సున్నా సున్నా. వాడు ఎగురుకుంటూ వచ్చాడు, ఎగరడానికి కారణం నాకిప్పుడు అర్థమవుతోంది. ఫోన్ మోగింది. నేను ఏమీ అనకముందే వచ్చి తీసుకున్నాడు.

"ఎన్ని గోల్స్ కొట్టావురా?"

"సున్నా తాతయ్యా" అన్నాడు, తెలుగులో, గట్టిగా.

అవతల కాసేపు మాట లేదు. "పోనీలేరా. ఆ మధ్య రెండు కొట్టావటగా?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. వాడు నా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడంటే, చెప్పేస్తాడనుకుని నేను సిద్ధపడిపోయాను. చెప్పేస్తేనే నయం అని కూడా అనిపించింది.

"అవి... ఇవ్వలేదు తాతయ్యా. ఆఫ్‌సైడ్ అన్నారు."

"రెండూనా?"

"రెండూ."

ఫోన్ నాకిచ్చేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అవతల నాన్నగారు బాబాయి వైపు తిరిగి చెబుతున్నది స్పష్టంగా వినపడుతోంది. "రెండు కొట్టాడ్రా పాపం. ఆ అంపైరు ఎవడో గానీ, ఇవ్వలేదు."