ఏసీ మీది స్టిక్కర్, మన కరెంటు బిల్లు

విజయవాడలో మేడ మీది వాటా అంటే మే నెలలో రాత్రి పదకొండయినా డాబా వేడి దిగదు. మా అత్తయ్యగారికి బీపీ. మధ్యాహ్నం కూడా ఏసీ లేకపోతే ఆవిడ తట్టుకోలేరు. అందుకే పాత ఏసీ పాడైనప్పుడు కాగితం మీద లెక్క వేసుకునే కొట్టుకెళ్లాను.

"ఫైవ్ స్టార్ తీసుకోండి మేడమ్, బిల్లు సగమైపోతుంది" అన్నాడు అక్కడి అబ్బాయి. ఎంత తగ్గుతుందో ఏసీ మీది స్టిక్కరే చెబుతుంది. నక్షత్రాల కింద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, 1600 గంటల వాడకానికి. మేం చూసిన ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీల్లో త్రీ స్టార్‌కి 965, ఫైవ్ స్టార్‌కి 750. తేడా 215 యూనిట్లు. ధరలో తేడా ఎనిమిది వేలు.

ఇక్కడే చాలామంది సగటు రేటుతో గుణించి పొరబడతారు. ఆంధ్రాలో ఇళ్లకి వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది: నెలకి 126 యూనిట్ల నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. ఏసీ లేని నెలల్లో మాకు 120 యూనిట్ల దాకా వస్తుంది. ఏసీ కాల్చేదంతా దాని మీద చేరేదే కాబట్టి, మిగిలే యూనిట్లు దాదాపు అన్నీ ఆ ఖరీదైన 8.75 మెట్టులోవే. మాకు పగలూ రాత్రీ కలిపి రోజుకి పదహారు గంటలు, నాలుగు నెలలు. అంటే ఏడాదికి 258 యూనిట్లు, సుమారు 2,250 రూపాయలు మిగులుతాయి. మూడున్నరేళ్లలో ఎనిమిది వేలూ తిరిగొస్తాయి. కళ్లు మూసుకుని ఫైవ్ స్టార్ తెచ్చేశాం.

మా చెల్లి ఫోన్ చేసి "అక్కా, నన్ను కూడా అదే కొనమంటావా?" అంది. వాళ్లిద్దరూ ఉద్యోగాలకి పోతారు, ఏసీ వేసేది రాత్రి ఎనిమిది గంటలే. ఆ లెక్కన మిగిలేది ఏడాదికి 1,130 దాకా, పెట్టుబడి తిరిగి రావడానికి ఏడేళ్లు. "నీకు త్రీ స్టార్ చాల్లేవే, ఇన్వర్టర్ ఉండేలా మాత్రం చూసుకో" అన్నాను. ఇన్వర్టర్ అయితే గది చల్లబడ్డాక కంప్రెసర్ నెమ్మదిగా తిరుగుతూనే ఉంటుంది. పాతవాటిలా పూర్తిగా ఆగి మళ్లీ ఫుల్ స్పీడులో అందుకోదు. ఆదా అక్కడే.

నక్షత్రాల కొలతల్ని ప్రభుత్వం అప్పుడప్పుడూ కఠినం చేస్తుంటుంది, 2022 జూలైలో చేసినట్టు. పాత స్టాకు తగ్గింపు ధరకి ఇస్తామంటే స్టిక్కర్ మీద ఏ ఏడాదిదో కూడా చూడండి.

ఇంటికొచ్చాక మేం చేసిందల్లా 26లో పెట్టి ఫ్యాను వేసుకోవడం. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని ఈ నక్షత్రాలిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్లే చెబుతారు. అత్తయ్యగారు మొదట "చల్లగా లేదమ్మాయ్" అన్నారు కానీ, ఫ్యాను తిరిగాక దుప్పటి అడిగారు. డాబాకి తెల్ల కూల్ పెయింట్ కూడా వేయించాం. మా వీధిలో దుమ్ము ఎక్కువ, పదిహేను రోజులు దాటితే ఫిల్టర్ మీద బూడిద రంగు పొర కడుతుంది. పంపు కింద పెట్టి కడిగి, నీడలో ఆరబెట్టి బిగిస్తే గాలి మళ్లీ ధారాళంగా వస్తుంది.