ఒకే ఇంట్లో రెండు పథ్యాలు

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. సోంపేట దగ్గర ఊరు. కొబ్బరి తోట ఉంది, కొంచెం జీడి తోట ఉంది. నేను పక్క ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచరుని. మా బావగారు డయాలసిస్ మీద ఉన్నారు. ఆయనకు మొదలైన కొన్నేళ్ళకు నాకూ కిడ్నీ జబ్బు బయటపడింది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్ళినా ఇలా ఒకే ఇంట్లో ఇద్దరున్న కుటుంబాలు కనిపిస్తాయి. నీళ్ళన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, పురుగు మందులన్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు.

నా సంగతి తెలియగానే చుట్టాలంతా ఒకటే మాట అన్నారు: "బావగారికి పెట్టేదే నువ్వూ తిను, ఇంట్లో అలవాటైన పథ్యమే కదా." ఆ మాట ఎంత తప్పో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆయన తినాల్సింది నేను తినకూడదు, నేను తాగాల్సినన్ని నీళ్ళు ఆయన తాగకూడదు. జబ్బు పేరు ఒకటే గానీ పథ్యాలు వేరు.

ఊళ్ళో రక్త పరీక్షల శిబిరం పెట్టినప్పుడు నా క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో 1.9 వచ్చింది. బావగారికి డయాలసిస్ మొదలుపెట్టేనాటికి 9 దాటింది కాబట్టి, 1.9 అంటే మా ఇంట్లో ఎవరికీ పెద్దగా అనిపించలేదు. కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) మాత్రం ఆ అంకె పక్కన ఇంకో అంకె రాశారు: ఈజీఎఫ్ఆర్ 33. వయసు, ఆడా మగా అన్నది, క్రియాటినిన్ కలిపి లెక్కగట్టే అంకె అది. కిడ్నీలు రక్తాన్ని ఏ మేరకు వడపోస్తున్నాయో చెబుతుంది. 30కీ 44కీ మధ్య ఉంటే 3బి దశ, 30 కంటే తగ్గితే నాలుగో దశ, 15 కంటే తగ్గితే ఐదోది. క్రియాటినిన్ ఒకటి నుంచి రెండుకి వెళ్ళే లోపలే సగానికి సగం పని పోతుందని అప్పుడు అర్థమైంది. రిపోర్టులో క్రియాటినిన్ మాత్రమే చూసి "కొంచెమే పెరిగింది" అనుకునేవాళ్ళు దయచేసి ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగండి.

మూడు నెలలు దాటాక మళ్ళీ పరీక్ష చేసి, అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బని ఖాయం చేస్తారు. నాకు అలాగే ఉంది. స్కానింగులో రెండు కిడ్నీలూ కాస్త చిన్నవిగా కనిపించాయి. కాళ్ళ వాపు లేదు, బీపీ లేదు, షుగర్ లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా చాలా తక్కువ. మా ప్రాంతంలో ఈ జబ్బు చాలామందిలో ఇలాగే చప్పుడు లేకుండా వస్తుంది. పరీక్ష చేయించుకోకపోతే ముదిరేదాకా తెలియదు.

ఇంట్లో మొదటి గొడవ పప్పు మీద వచ్చింది. అత్తయ్య పప్పు, గుడ్డు, చేప అన్నీ నాకు ఒక్కసారిగా ఆపేశారు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు. ఆ ప్రేమతోనే నన్ను ఒట్టి అన్నం, చారు మీద ఉంచబోయారు. డైటీషియన్ లెక్క వేరు. డయాలసిస్ లేని దశలో కిలో బరువుకు రోజుకు 0.6 నుంచి 0.8 గ్రాముల ప్రొటీన్ కావాలి. నేను 55 కిలోలు ఉంటాను కాబట్టి నాకు సుమారు 40 గ్రాములు. డైటీషియన్ కాగితం మీద వేసి చూపించారు: రోజంతటికీ రెండు వందల గ్రాముల బియ్యం వండితే అందులోనే 14 గ్రాములు, ఒక గుడ్డులో 6, గుప్పెడు కందిపప్పులో 7, చిన్న చేప ముక్కలో 10, చిన్న గిన్నెడు పెరుగులో 3 లేక 4. అక్కడికి నలభై అయిపోయింది. అంటే అన్నీ తినవచ్చు, అన్నీ కొద్దికొద్దిగా. అసలు మానేస్తే ఒంట్లో కండ కరుగుతుంది, నీరసం వస్తుంది, జబ్బు ముదిరినప్పుడు తట్టుకునే శక్తి ఉండదు.

బావగారికి దీనికి పూర్తిగా ఎదురు. డయాలసిస్‌లో కొంత ప్రొటీన్ బయటికి పోతుంది కాబట్టి ఆయనకు కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. ఆయన పళ్ళెంలో గుడ్డు తెల్లసొనలు ఎక్కువ, చేప ముక్కలు పెద్దవి. "రోగమొచ్చిన మనిషికి గుడ్లేమిటి" అని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మా తోడికోడలు వాళ్ళకు ఓపిగ్గా చెబుతుంది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది.

ఉప్పు ఒక్కటే ఇద్దరికీ సమానం. రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా, మూడు పూటలకీ కలిపి. తెల్లారగానే నా వంతు ఉప్పు చిన్న డబ్బాలో కొలిచి పెట్టుకుంటాను, ఆ రోజుకు అంతే. కూర అందరికీ ఉప్పు లేకుండానే ఉడికించి, మా ఇద్దరి వంతూ తీశాక మిగతావాళ్ళ కూరలో ఉప్పు వేస్తాం. సైంధవ లవణం వాడమని చాలామంది అన్నారు. అందులోనూ ఉన్నది సోడియమే. లో సోడియం ఉప్పు అని దుకాణాల్లో అమ్మేది మాకు ఇంకా ప్రమాదం, సోడియం తగ్గించి ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆ ప్యాకెట్ ఇంట్లోకి రానివ్వను.

మా వైపు ఉప్పు మానడమంటే ఎండు చేప మానడం. వాన పడుతున్నప్పుడు ఎండు మెత్తళ్ళు వేయించి, చద్దన్నంలో నంజుకు తినే ఇల్లు మాది. ఆవకాయ వదులుకున్నాను, అప్పడం వదులుకున్నాను, మెత్తళ్ళ దగ్గర మాత్రం మనసు చాలా రోజులు ఏడ్చింది. నానబెట్టి కడిగితే కొంత ఉప్పు పోతుంది గానీ లోపలిది ఉండిపోతుంది. ఇప్పుడు పచ్చి మెత్తళ్ళు దొరికిన రోజున వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర దంచి వేసి ఇగురు పెడతాను. ఎండు చేప రుచి రాదు, నిజమే. కానీ రెండు మూడు నెలల తరవాత నాలుక మారింది, పాత ఉప్పు తిండి నోట పెడితే ఇప్పుడు కటువుగా తగులుతోంది.

ఇక పొటాషియం. కొబ్బరి తోటలో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది చెప్పడం ఎంత కష్టమో. నీరసంగా కనబడితే చాలు, "ఒక బొండం తాగమ్మా" అంటారు. ఒక బొండంలో 500 మిల్లీగ్రాములకు పైనే పొటాషియం ఉంటుంది. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండె లయ తప్పుతుంది, ముందస్తుగా ఏ సూచనా లేకుండా. డయాలసిస్ రోజుల మధ్య బావగారిని బొండం ముట్టనివ్వనిది అందుకే.

నాకు మాత్రం మొదటి రిపోర్టులో పొటాషియం 4.6. మామూలుగా ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా. "బాగానే ఉన్నప్పుడు పొటాషియం తగ్గించాలని కూరగాయలన్నీ ఉడకబెట్టి నీళ్ళు పారబోయడం దేనికి, విటమిన్లు కూడా పోతాయి" అన్నారు డైటీషియన్. తరవాత ఒకసారి 5.6 వచ్చింది. అప్పుడు మొదలుపెట్టాం. దుంపలు, ఆకుకూరలు చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ వేడి నీళ్ళలో గంట రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళూ వార్చేయాలి. కుక్కర్లో పెట్టి నీళ్ళతో సహా కూర చేస్తే ఏం లాభం లేదు. మునగాకు, పనస, అరటిపండు, బొండం ఆపేశాను. ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, పొట్లకాయ, క్యాబేజీ మీద గడిపాను. పండంటే చిన్న ఆపిల్ ముక్కో, అనాస ముక్కో. మళ్ళీ 4.8కి దిగాక కొన్ని తిరిగి తినమన్నారు. అలా రిపోర్టును బట్టి పథ్యం మారుతూ ఉంటుంది. ఎవరో ఇచ్చిన చార్టు గోడకు అంటించుకుని ఏళ్ళ తరబడి అదే పాటించడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. నిజానికి చార్టు కంటే రిపోర్టుల ఫైలే ముఖ్యం. నేను తేదీల వారీగా క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్ ఒక నోటుబుక్కులో రాసుకుంటాను.

నీళ్ళ విషయంలోనే ఊళ్ళో మాట రెండుగా చీలిపోయింది. సగం మంది బాగా తాగమంటారు, సగం మంది కొలిచి తాగమంటారు. బావగారికి మూత్రం చాలా తగ్గిపోయింది. ఆయన ముందురోజు వచ్చిన మూత్రం ఎంతో దానికి అర లీటరు కలుపుకుని, అంతే తాగాలి. టీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. నాకు వాపు లేదు, మూత్రం మామూలుగా వస్తోంది. దాహమైనప్పుడల్లా తాగమన్నారు, వేసవిలో ఒళ్ళు ఎండిపోనివ్వద్దన్నారు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్ర వేసుకోవాలో ఏది ఆపాలో ఆ రోజే ఫోన్ చేసి అడగమన్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, దాంతోపాటు హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఊళ్ళకు ఇచ్చే పథకం మొదలయ్యాయి. మా కుళాయికి ఆ నీరే వస్తోంది. పిల్లలకైనా ఈ జబ్బు తప్పాలని రోజూ కోరుకుంటాను.

తిండి కంటే ముందు మానాల్సింది ఒకటుంది, నొప్పి మాత్రలు. తోట పని చేసి ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ సూది వేసి పంపిస్తారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఇవేవీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు వేసుకోకూడదు. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో. మందుల షాపులో ఏం కొన్నా ముందుగా కిడ్నీ సంగతి చెబుతాను. ఏం భస్మాలు కలిశాయో తెలియని నాటు మందులు కూడా వద్దన్నారు. ఇంకో సంగతి, ఎడమ చేతి రక్తనాళాలు కాపాడుకోమన్నారు. రేపు డయాలసిస్ అవసరమైతే ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాలను కలిపి చేసే దారి, ఆ చేతికే వేస్తారు. అందుకని రక్తం తీయడానికి, సెలైన్ పెట్టడానికి కుడి అరచేతి వెనకవైపు చూపిస్తాను. హెపటైటిస్ బి టీకా కూడా ముందే వేయించుకున్నాను.

బడిలో మూడో పీరియడ్‌కే కాళ్ళు లాగేసేవి. పథ్యం వల్ల నీరసమని అందరూ అనుకున్నారు, నేనూ కొన్నాళ్ళు నమ్మాను. పరీక్షలో హిమోగ్లోబిన్ 9.2 మాత్రమే వచ్చింది. రక్తం పట్టడానికి కావాల్సిన ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను కిడ్నీల్లోనే తయారవుతుంది, అవి దెబ్బతింటే అదీ తగ్గుతుంది. ఐరన్ ఎక్కించాక, తరవాత ఎరిత్రోపోయిటిన్ సూది మందు మొదలుపెట్టాక తేడా తెలిసింది. నీరసాన్ని తిండితోనే సరిచేయాలని బీట్‌రూట్లు, ఖర్జూరాలు తినడం మొదలుపెడితే నాలాంటివాళ్ళకు పొటాషియం పెరుగుతుంది తప్ప రక్తం పట్టదు.

పెళ్ళిళ్ళకు వెళ్తాను. ఇంట్లో తిని వెళ్ళి, అక్కడ కాస్త పెరుగన్నం, ఒక చిన్న స్వీటు తింటాను. బలవంతం చేసే పెద్దవాళ్ళకు "డాక్టరు గారు తిడతారు మావయ్యా" అంటే చాలు, ఊరుకుంటారు. జీడిపప్పు మాత్రం మా ఇంటి పంటే అయినా దూరం పెట్టాను, పొటాషియంతో పాటు, కిడ్నీలు బయటికి పంపాల్సిన మరో ఖనిజం ఫాస్ఫరస్ కూడా అందులో ఎక్కువ.

ఫాస్ఫరస్ పేరు చెప్పి చోడి (రాగి) అంబలి కూడా మానమని చాలామంది అన్నారు. అడిగాను. ధాన్యాల్లో ఉండే ఫాస్ఫరస్ అంతా ఒంటికి పట్టదట. నల్లటి కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ తిండిలో కలిపేదే దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తుందట. బావగారికి ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా అన్నంతో పాటు మింగే మాత్రలు ఉన్నాయి, ఆయనకు అంబలి లేదు. నాకు ఫాస్ఫరస్ ఇంకా హద్దులోనే ఉంది, పొద్దున ఒక చిన్న గ్లాసు తాగుతున్నాను. పోయినసారి క్రియాటినిన్ 2.1కి వచ్చింది, ఈజీఎఫ్ఆర్ 29, అంటే నాలుగో దశలోకి అడుగుపెట్టాను. ఈసారి రక్త పరీక్షలో ఫాస్ఫరస్, దాన్నీ కాల్షియాన్నీ హద్దులో ఉంచే పారాథైరాయిడ్ హార్మోను కూడా రాశారు. అంబలి ఉంటుందో లేదో ఆ కాగితం చూశాక చెబుతామన్నారు.