లాగిన్ ఎందుకు ఆలస్యమైందో యాక్సెస్ లాగ్‌లో దొరికింది: నా అనుభవం

అప్లికేషన్‌లోకి లాగిన్ కావడానికి ఒక్కోసారి చాలా సెకన్లు పడుతోందని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక్కోసారి వెంటనే అవుతుంది, ఒక్కోసారి తిరుగుతూనే ఉంటుంది. నెట్‌వర్క్ బాగానే ఉంది, ఎర్రర్ లాగ్‌లో ఏమీ లేదు. ఇక చూడాల్సింది యూజర్ల వివరాలు ఉంచి లాగిన్‌లను సరిచూసే 389 డైరెక్టరీ సర్వర్ యాక్సెస్ లాగ్, అంటే దానికి వచ్చే ప్రశ్నలు, అది ఇచ్చే జవాబులు నమోదయ్యే ఫైల్.

తెరవగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. వందల కనెక్షన్ల లైన్లు కలగాపులగంగా పడుతుంటాయి. ఒకరి ప్రశ్న ఒక చోట, దాని జవాబు ఎన్నో లైన్ల కింద. దారి చూపించేవి రెండు నంబర్లు: కన్ (conn), ఆప్ (op). కన్ అంటే ఏ కనెక్షన్, ఆప్ అంటే ఆ కనెక్షన్‌లో ఎన్నో పని. ఈ రెండూ కలిసే చోట ప్రశ్న, జవాబు జతపడతాయి. గ్రెప్ (ఫైల్‌లో పదాలు వెతికే కమాండ్) చేసేటప్పుడు నంబర్ తర్వాత ఖాళీ కూడా ఇవ్వాలి, లేకపోతే కన్=14 అని వెతికితే 148 కూడా వచ్చి పడుతుంది. సర్వర్ రీస్టార్ట్ అయితే కన్ నంబర్లు మళ్లీ మొదటి నుంచి వస్తాయి కాబట్టి టైమ్ కూడా చూసుకోవాలి.

ఒక లాగిన్‌ను అలా విడదీసి చూశాను. ముందు అప్లికేషన్ తనకోసం ఇచ్చిన సర్వీస్ అకౌంట్‌తో బైండ్ అయింది, అంటే తనెవరో సర్వర్‌కు చెప్పి లోపలికి వచ్చింది: మెథడ్=128, అంటే మామూలు పాస్‌వర్డ్ బైండ్. రిజల్ట్‌లో ఎర్=0 (err, అంటే ఎర్రర్ నంబర్; సున్నా అంటే ఎర్రర్ లేదు), ట్యాగ్=97. తర్వాత యూజర్ కోసం సెర్చ్, దాని రిజల్ట్‌లో ట్యాగ్=101. ట్యాగ్ చూస్తే అది ఏ పనికి జవాబో తెలుస్తుంది: 97 బైండ్‌ది, 101 సెర్చ్‌ది, 103 మాడిఫైది.

ఎర్ నంబర్ల దగ్గర కొంచెం ఆగాలి. 49 అంటే యూజర్ వివరాలో పాస్‌వర్డో తప్పు. 32 అంటే అడిగిన ఎంట్రీ లేదు. 14 మాత్రం భయపెట్టేలా ఉన్నా తప్పేమీ కాదు, సాసల్ (SASL, విడతలుగా జరిగే లాగిన్ పద్ధతి) బైండ్ ఇంకా మధ్యలో ఉందని అర్థం. ఎర్=0 వచ్చి ఎన్‌ఎంట్రీస్=0 (దొరికిన ఎంట్రీల సంఖ్య సున్నా) ఉంటే సెర్చ్ సజావుగానే జరిగింది, ఏమీ దొరకలేదంతే. ఎంట్రీ నిజంగా లేకపోవచ్చు, లేదా చూసే హక్కు ఆ అకౌంట్‌కు లేకపోవచ్చు. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఈటైమ్ (etime), అంటే ఒక పనికి మొత్తం పట్టిన సమయం. యూఐడీతో (యూజర్ లాగిన్ పేరుతో) చేసిన సెర్చ్‌లకు కూడా కొన్ని చోట్ల ఐదారు సెకన్లు చూపిస్తోంది. యూఐడీకి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) ఉంది, మరి అంత ఎందుకు? కొత్త వెర్షన్లలో దాని పక్కనే డబ్ల్యూటైమ్, ఆప్‌టైమ్ కూడా ఉంటాయి. డబ్ల్యూటైమ్ అంటే పని క్యూలో ఎదురుచూసిన సమయం, ఆప్‌టైమ్ అంటే అసలు పనికి పట్టిన సమయం. ఆ యూఐడీ సెర్చ్‌ల ఆప్‌టైమ్ సెకనులో వెయ్యో వంతు కూడా లేదు. సమయమంతా డబ్ల్యూటైమ్‌లోనే పోయింది. అంటే అవి నెమ్మదివి కావు, ఇంకెవరో సర్వర్‌లో పనులు చేసే థ్రెడ్లను పట్టుకుని కూర్చుంటే బయట నిలబడ్డాయి.

ఆ ఇంకెవరో ఎవరన్నది నోట్స్=ఏ (notes=A, అసలు ఇండెక్స్ ఉపయోగపడని సెర్చ్‌కు లాగ్ పెట్టే గుర్తు) అని గ్రెప్ చేస్తే బయటపడింది. ఫిల్టర్‌లో (వెతికే షరతులో) ఎంప్లాయీనంబర్ ఒక్కటే ఉంది, స్కోప్=2, అంటే బేస్ కింద ఉన్న చెట్టంతా. ఆ యాట్రిబ్యూట్‌కు ఇండెక్స్ లేదు. ఒకే ఒక్క ఎంట్రీ తేవడానికి సర్వర్ ఎంట్రీలన్నీ ఒక్కొక్కటిగా తిరగేస్తోంది. అలాంటివి ఒకేసారి చాలా వస్తే థ్రెడ్లన్నీ వాటికే పోతాయి. నోట్స్=యూ (notes=U) ఉంటే పరిస్థితి అంత ఘోరంగా ఉండదు, ఫిల్టర్‌లో కొంత భాగానికే ఇండెక్స్ ఉపయోగపడలేదని అర్థం. నోట్స్=ఏ కనిపిస్తే మాత్రం వదిలిపెట్టకూడదు.

ఎంప్లాయీనంబర్‌కు ఈక్వాలిటీ ఇండెక్స్ (సరిగ్గా అదే విలువను వెతకడానికి పనికొచ్చేది) పెట్టాను. కాన్ఫిగరేషన్‌లో చేర్చినంత మాత్రాన పాత ఎంట్రీలు ఇండెక్స్‌లోకి రావు, రీఇండెక్స్ టాస్క్ నడపాలి. అది పూర్తయ్యాక లాగ్ చూస్తూ కూర్చున్నాను. లాగ్ బఫర్‌లో ఉండి విడతలుగా ఫైల్‌లోకి వస్తుంది కాబట్టి వెంటనే ఏమీ కనిపించదు, కంగారు పడనక్కర్లేదు. కాసేపటికి వచ్చిన లైన్లలో అదే ఫిల్టర్ ఉంది, నోట్స్ లేదు. యూఐడీ సెర్చ్‌ల డబ్ల్యూటైమ్ కూడా దాదాపు సున్నాకు దిగింది. ఇప్పుడు కొత్త అప్లికేషన్ ఏది కలిపినా, మొదటి రోజే దాని ఐపీ నుంచి వచ్చే కనెక్షన్లలో నోట్స్=ఏ ఉందేమో వెతుకుతున్నాను.