మందవెళి మేడ మీద

పినాకిని ఎక్స్‌ప్రెస్ నెల్లూరు ముందు పెన్న దాటుతుంటే, తెలియకుండానే ఊపిరి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ లెక్క నేర్పిన యోగా మాస్టారిని చూడ్డానికే చెన్నై బయల్దేరాను.

1996లో ఉద్యోగం కోసం మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు నాకు ఉబ్బసం. మైలాపూరులో మా అత్తయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. ఆవిడే నన్ను మందవెళిలో మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. మాస్టారిది నెల్లూరు. తిరుమలై కృష్ణమాచార్యుల పద్ధతిలో యోగా నేర్చుకున్నారు. ఆచార్యులవారు మైసూరు మహారాజు ఆదరణలో యోగశాల నడిపి, తర్వాత మద్రాసు చేరి, 1989లో నూరేళ్ళ వయసులో ఇక్కడే కన్నుమూశారు. పేరున్న యోగా గురువులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఆయన శిష్యులే.

శీర్షాసనం నేర్పుతారని ఆశపడ్డాను. మాస్టారు నెల రోజులపాటు చేతులు పైకెత్తి దించడమే చేయించారు. పీలుస్తూ ఎత్తాలి, వదులుతూ దించాలి. గొంతులో సన్నటి రాపిడి వినపడాలి. ముందు ఊపిరి మొదలవ్వాలి, దాని వెనకాలే చెయ్యి కదలాలి. చెయ్యి ఆగాక ఇంకాస్త ఊపిరి మిగలాలి. ఒక్కో ఊపిరికి పక్క కుర్రాడికి పది అంకెలు, నాకు నాలుగే. నామోషీగా ఉండేది. "వాడి ఛాతీ వాడిది, నీ ఛాతీ నీది" అనేవారు. ఎవరికి తగ్గట్టు వాళ్ళకి నేర్పడమే ఆ సంప్రదాయంలో అసలు విద్య అని నా నమ్మకం. వందమందిని వరసగా నిలబెట్టి ఒకటే చేయిస్తే అది రాదు.

ఇన్‌హేలర్ నేను మానలేదు. ఆయాసం వస్తే కంగారుపడటం మాత్రం మానేశాను. అమ్మ ఐసీయూలో ఉన్న రాత్రి, బయట బెంచీ మీద తెల్లవార్లూ ఆ లెక్కతోనే కూర్చున్నాను.

మేడ మెట్లు అవే. గదిలో అదే నీలం చారల జంపఖానా, అంచులు పీలికలైపోయాయి. మాస్టారు ఇప్పుడు కుర్చీలోంచి లేవలేరు. అమ్మగారు ఫిల్టర్ కాఫీ ఇచ్చి, "నిన్నట్నుంచీ నీ కోసమే చూస్తున్నారు నాయనా" అన్నారు.

"ఏదీ, చేతులెత్తు" అన్నారాయన. ఆయనా కూర్చునే ఎత్తారు. నాకిప్పుడు పన్నెండు దాకా వస్తుంది. ఆయన చేతులు ఐదు దగ్గరే దిగడం మొదలయ్యాయి. నేనూ ఐదుకే దించాను. ఆయన కళ్ళు తెరిచి నా వంక చూశారు. ఏమీ అనలేదు. మళ్ళీ ఇద్దరం చేతులెత్తాం.