మావయ్యగారి చిట్టా

మా ఇంట్లో ఉగాది నాడు పచ్చడి కంటే ముందు కొత్త చిట్టా పుస్తకానికి పసుపు రాస్తారు. ఒడిశా పర్లాకిమిడిలో మాది చిన్న బట్టల దుకాణం. కంప్యూటర్ బిల్లింగు వచ్చి ఏళ్లయింది, జీఎస్టీకి కావాల్సిందంతా అందులోనే ఉంటుంది. అయినా ఎర్ర అట్ట పొడుగు పుస్తకం లేకపోతే మావయ్యగారికి దుకాణం తెరిచినట్టే ఉండదు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. రాత్రి రెండూ కూడి, కింద గీత కొట్టి, అప్పుడు అన్నానికి లేస్తారు.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. దుకాణం షట్టర్ దించి ఉంది కాబట్టి పుస్తకాన్ని దేవుడి గదిలోనే పెట్టి బొట్టు పెట్టారు. "శార్వరి నామ సంవత్సరం. శార్వరంటే రాత్రి. పేరు పెట్టినవాళ్లు ముందే చెప్పారు, మనమే వినలేదు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

నవ్వు రాకపోవడానికి కారణముంది. మా వ్యాపారమంతా వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్ల మీదే. ఆ సరుకు ఫిబ్రవరిలోనే అరువు మీద తెచ్చేస్తాం. పెళ్లివాళ్లు ఇచ్చిన డబ్బుతో మిగతా పది నెలలూ లాక్కొస్తాం. ఆ ఏడు తెచ్చిన పట్టుచీరలు మడత విప్పకుండా అలమరాల్లో ఉండిపోయాయి. సరుకిచ్చినాయన మాత్రం వారానికోసారి ఫోన్ చేసేవాడు. మొదట కుశలం అడిగేవాడు, తర్వాత అదీ మానేశాడు. ఫోన్ మోగితే చాలు, మా ఆయన మేడ మీదికి వెళ్లిపోయేవారు.

మావయ్యగారు రోజూ రాత్రి పుస్తకం తీసి తారీఖు వేసి "జమ 0" అని రాసి గీత కొట్టేవారు. చూడలేకపోయేదాన్ని. అక్కర్లేని పని కదా!

శ్రీరామనవమి నాడు మొదటిసారి వేరేది రాశారు. పక్కింటి మావుసీ, అంటే ఒడియాలో పిన్ని, గోడ మీంచి ములక్కాడలు అందించింది. ఆ రాత్రి జమ వైపు "పక్కింటి మావుసీ, ములక్కాడలు 6" అని కనిపించింది. మా ఆయనకు చిరాకొచ్చింది.

"డబ్బు కానిది చిట్టాలో రాస్తే లెక్కెలా కలుస్తుంది నాన్నా?"

"వచ్చిందా, లేదా? వచ్చింది జమ. పోయింది ఖర్చు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?"

అత్తయ్య ఇంకో అడుగు ముందుకేశారు. "ములక్కాడలు జమైతే నా నడుం నొప్పి ఏ పద్దులో రాస్తారు?"

ఆయన నిజంగానే ఖర్చు వైపు రాశారు. "నడుం నొప్పి, ఒక పూట."

అలా మొదలైంది. పిల్లలకు అది ఆటైపోయింది. అమ్మాయికి పదమూడు, అబ్బాయికి తొమ్మిది. రాత్రి ఎనిమిదయ్యేసరికి తాతయ్య చుట్టూ చేరేవాళ్లు. ఒకరోజు మా అమ్మాయి ఎక్కడో వాట్సాప్‌లో చూసి "అందరం కలిసి ఉన్నాం, ఆరోగ్యంగా ఉన్నాం" అని రాసింది. మావయ్యగారు దాన్ని అడ్డంగా కొట్టేశారు. "ఇది జమ కాదమ్మా, డైలాగు. ఎవరిచ్చారు? ఎంత? అది రాయి." పిల్ల ముఖం ముడుచుకుని చాలాసేపు ఆలోచించి, "అమ్మ, జడ వేసింది, ఒకసారి. గట్టిగా లాగలేదు" అని రాసింది. దానికి టిక్కు పడింది.

ఆ రోజుల్లో "పాజిటివ్‌గా ఉండండి" అని పొద్దున్నే పువ్వుల బొమ్మలతో వచ్చే మెసేజీలంటే నాకు ఒళ్లు మండేది. అరువు తీర్చాల్సినవాళ్లకు ఆ మాట చెప్పడం తేలిక. ఈ పుస్తకం మీద మాత్రం అంత కోపం రాలేదు. బహుశా ఖర్చు వైపు కూడా అంతే నిజాయితీగా రాసేవాళ్లం కాబట్టేమో. "నాన్న అరిచారు, కారణం లేదు" అని మా అబ్బాయి రాస్తే, మా ఆయన చదివి ఏమీ అనకుండా వెళ్లిపోయారు. మర్నాడు జమ వైపు, "నాన్న, క్యారమ్స్, మూడు ఆటలు" అని ఉంది. ఆ మూడూ ఓడిపోయారు కూడా.

కరెంటు గంటసేపు పోయిన రాత్రి మావయ్యగారు 2018 అక్టోబరు నాటి చిట్టా తెప్పించారు. ఆ నెల 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లా మీదుగా పోయింది. దసరా రోజులు. చాలా రోజులు చీకట్లోనే ఉన్నాం. బోరు మోటారు తిరగదు కదా, నీళ్ల కోసం వీధి చివరి చేతిపంపు దగ్గర బిందెలు వరసపెట్టాం. ఆ పుస్తకంలో ఆ రోజులన్నీ ఖాళీ. "చూశారా, అప్పుడు ఎంతమంది ఏమేం ఇచ్చారో ఒక్కటీ రాసుకోలేదు. ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే రావడం లేదు" అన్నారు. ఆయన ఈ పిచ్చి పని ఎందుకు మొదలెట్టారో నాకు అప్పుడు తెలిసింది.

మా పుట్టిల్లు పాతపట్నం. అది ఆంధ్ర, ఇది ఒడిశా. రాష్ట్రం మారిందని ఫోన్‌కొచ్చే మెసేజీ చెప్పాలే తప్ప మాకు అలా ఎప్పుడూ అనిపించలేదు. మా అమ్మ నీలమణి దుర్గమ్మ గుడికి వెళ్లి, అటునుంచి అటే ఆటో ఎక్కి ఇక్కడికొచ్చి కాఫీ తాగి పోయేది. 2020లో ఆ రోడ్డుకు అడ్డంగా వెదుళ్లు కట్టేశారు. నౌపడ నుంచి గుణుపురం పోయే రైలు కూడా ఆగిపోయింది. ఆ కూత వినపడితే పాలు పొయ్యి మీద పెట్టే అలవాటు నాది. ఆ రోజుల్లో టైమెంతయిందో తెలిసేది కాదు.

మే నెలలో అమ్మ బీపీ మాత్రలు అక్కడ దొరకడం లేదని తమ్ముడు ఫోన్ చేశాడు. ఇక్కడ కొని, మా ఆయన బండి మీద వెదుళ్ల దగ్గరికి వెళ్లాం. అవతల తమ్ముడి స్కూటర్ మీద అమ్మ. నోటికి చీర కొంగు. మధ్యలో ఇద్దరు పోలీసులు. ఒకాయన మాత్రల సంచి తీసుకెళ్లి ఇచ్చి, అటు నుంచి పెద్ద గోనెసంచి మోసుకొచ్చాడు. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. అక్కడి నుంచే గట్టిగా, "ఏమే, ఆవకాయ పెట్టావా?"

"లేదమ్మా, కాయెక్కడ?"

"అందులో ఉన్నాయి. నూనె తక్కువ పొయ్యకు, పోయినసారి బూజు పట్టించావు."

పోలీసాయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. అయిదు నిమిషాల్లో అదే మా మాట. బాగున్నావా అని ఇద్దరం అడగలేదు. ఇంటికొచ్చి చెబితే మావయ్యగారు రాశారు: "వియ్యపురాలు గారు, మామిడికాయలు 20, తిట్లు 1."

జూన్‌లో రజో పండక్కి మావుసీ పంపిన పోడొ పిఠా అనే పిండివంట, మిగిలిన లైనింగు గుడ్డతో నేను కుట్టిన మాస్కులు, తాటిముంజలు, చోడి అంబలి, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. ఎలా మాట్లాడతారో అలాగే రాసేవారు మావయ్యగారు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, గ్రాంథికంలో లెక్క రాస్తే ఆయన ఊరుకోరని ఈయన జోకు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు గిడుగువారు రాజమండ్రి వెళ్లిపోయారని, మనం మాత్రం ఉండిపోయామని ప్రతిసారీ అంటారు. అది గర్వమో బెంగో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆగస్టులో ఆయనకే జ్వరం వచ్చింది. టెస్టు చేస్తే పాజిటివ్. డెబ్బై ఒకటేళ్ల మనిషి. మేడ మీద గదిలో పడుకోబెట్టి, గుమ్మం ముందు స్టూలు మీద అన్నం పెట్టి కిందికి వచ్చేసేదాన్ని. రాత్రుళ్లు మెట్ల మీదే కూర్చుని దగ్గు లెక్కపెట్టేదాన్ని. ఆ పదిహేను రోజుల గురించి ఎక్కువ రాయలేను. తగ్గింది, అంతే. చిట్టా ఏమైందో ఎవరూ పట్టించుకోలేదు. సెప్టెంబరులో మళ్లీ ఆయన చేతిరాతలో "జమ 340, గళ్ల లుంగీ" అని మొదలైంది. ఆ ఏడాది అప్పు తీరేసరికి 2022 వచ్చేసింది.

పోయిన నెల బ్యాంకు కాగితాల కోసం ట్రంకుపెట్టె దింపితే ఆ పుస్తకం బయటపడింది. మా అబ్బాయికిప్పుడు పదో తరగతి. నేలమీద బోర్లా పడుకుని చదువుతున్నాడు. ఆగస్టు పేజీలు ఒడియా అక్షరాల్లో ఉన్నాయి. అత్తయ్యది కాశీనగరం, ఒడియా బడిలో అయిదో తరగతి. పాలవాడి లెక్కా, చాకలి లెక్కా అన్నీ తెలుగు మాటల్ని ఒడియా లిపిలో రాసుకుంటారు. నేను తెలుగు బడి పిల్లని. ఒడియాలో గీసి గీసి బేరమాడతాను కానీ చదవమంటే బస్సు బోర్డు దగ్గరే ఆగిపోతాను. ఆ పేజీలు అప్పుడే చూశాను, పాల లెక్క అనుకుని తిప్పేశాను.

వాడు పైకి చదివాడు. "అన్నం సగం తిన్నారు. జమ." "దగ్గు, రాత్రి నాలుగుసార్లే. జమ." "తలుపు అవతల నుంచి పోతన పద్యం పాడారు. రాగం బాగోలేదు. అయినా జమ."

ఖర్చు వైపు పేజీలన్నీ ఖాళీ. ఒక్క చోట తప్ప.

"కోడలు మెట్ల మీద కూర్చుంది, నిద్ర లేదు. మూడు రాత్రులు."

వంటింట్లోంచి అత్తయ్య, "ఏంట్రా అది, ఏం చదువుతున్నావ్?" అని కేకేశారు. వాడు నా వైపు చూసి, "ఏం లేదు మామ్మా, పాల లెక్క" అన్నాడు.