ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు

చిన్న సుత్తితో మోకాలి కింద తడితే కాలు ఎగరాలి. నా కాలు కదల్లేదు. న్యూరాలజీ డాక్టర్ గారు రెండో కాలు మీదా కొట్టి చూసి వెంటనే అడ్మిషన్ రాశారు. పాదాల్లో మొదలైన తిమ్మిరి అప్పటికే నడుము దాకా పాకింది. మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాల్సి వస్తోంది.

అంతకు రెండు రోజుల ముందు ఇంకో డాక్టర్‌కి చూపించుకున్నాను. ఆయన నన్ను సరిగ్గా చూడకుండానే "టెన్షన్ ఎక్కువైందమ్మా, బాగా నిద్రపోండి" అని బలానికి మాత్రలు రాసి పంపేశారు. ఆ రెండు రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. క్షమించానని ప్రార్థనలో చెబుతాను, మర్నాటికి మళ్లీ కోపం వస్తుంది. కాళ్లలో మొదలైన నీరసం రోజురోజుకూ పైకి వస్తుంటే ఎవరు ఏమన్నా ఆగకండి. న్యూరాలజీ డాక్టర్ ఉన్న ఆసుపత్రికి ఆ రోజే వెళ్లండి.

జబ్బు పేరు గిలన్ బరే సిండ్రోమ్. ఫ్రాన్సు వైద్యులు 1916లో దీన్ని గురించి రాశారు. రోగాలతో పోరాడాల్సిన శక్తే దారి తప్పి మన నరాల మీద పడుతుంది. విరేచనాలో జలుబో వచ్చి తగ్గిన కొద్ది వారాలకు చాలామందిలో మొదలవుతుంది. నాకూ విరేచనాలు వచ్చి తగ్గాయి, ఆ సంగతి మర్చిపోయాను కూడా. వెన్నులోంచి నీరు తీశారు, నరాల పరీక్షలు చేశారు, ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించారు. ఇవన్నీ మసకగానే గుర్తున్నాయి.

బాగా గుర్తున్నది అంకెల లెక్క. నర్సు కొన్ని గంటలకోసారి వచ్చి, "గట్టిగా ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఒకటి నుంచి లెక్కపెట్టండమ్మా" అనేవారు. ఊపిరి పీల్చే కండరాలు ఎంత బలంగా ఉన్నాయో అలా తెలుస్తుందట. మొదటి రోజు 34 దాకా వెళ్లాను. మర్నాడు 22. ఆ మర్నాటి సాయంత్రం 13. ఆ రాత్రి తొమ్మిది దగ్గర ఆగిపోయాను. పది అనే మాట నోట్లో ఉంది కానీ బయటికి రాలేదు. నర్సు నా చెయ్యి వదలకుండానే డాక్టర్‌ని కేకేశారు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి వెంటిలేటర్ అవసరమవుతుందట. నేనూ ఆ ఒకరినయ్యాను.

గొట్టం గొంతులో ఉంటే మాట రాదు. మత్తు తగ్గాక మనసు మాత్రం పూర్తిగా మేలుకునే ఉంటుంది. అలా మేలుకుని ఉన్న ఒక రాత్రి, తెర అవతల మంచం మీది ముసలావిడ ఏడవడం మొదలుపెట్టారు. "ఎవరైనా ఉన్నారా? నాకు భయంగా ఉంది, ఎవరైనా మాట్లాడండమ్మా" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు. నర్సులు ఇంకో మంచం దగ్గర ఎవరినో బతికించే పనిలో పరుగులు పెడుతున్నారు. ఆవిడకూ నాకూ మధ్య ఒక్క తెర.

నేను పదకొండేళ్లు సండే స్కూల్‌లో పిల్లలకు బైబిల్ చెప్పాను. 23వ కీర్తన ఎన్నిసార్లు చెప్పించానో లెక్కలేదు. చీకటి లోయలో కూడా కాపరి తోడుంటాడని ఆ రాత్రి ఆవిడకు ఒక్క మాట చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. చెప్పడానికి గొంతు లేదు, తెర మీద తట్టడానికి చెయ్యి లేవదు. నా కన్నీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేకపోయాను. చచ్చిపోతానేమో అన్న భయం కంటే, ఎవరికీ చెప్పకుండానే పోతానేమో అన్న భయం పెద్దది. గొంతు ఉన్న రోజుల్లో నేను ఎవరికి చెప్పాను? ఆదివారం, నాలుగు గోడల మధ్య, అప్పటికే నమ్మినవాళ్ల పిల్లలకు చెప్పాను. అంతే.

తెల్లారేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. ఆవిడను వార్డుకు మార్చారో, ఇంకేమైందో అడగడానికి నాకు మాట లేదు. గొంతు వచ్చాక అడిగితే ఎవరికీ గుర్తు లేదు.

ఆ వారంలోనే మా చర్చి సంఘం నుంచి ఒక పెద్దావిడ చూడటానికి వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టి, "ఏదో దాచిన పాపం ఉండి ఉంటుందమ్మా, మనసులో ఒప్పేసుకో" అన్నారు. జవాబు చెప్పలేని మనిషితో అన్న మాట అది. మా ఆయన ఆవిడను బయటికి తీసుకెళ్లిపోయారు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడూ కాదు, వాడి తల్లిదండ్రులూ కాదని యేసు ప్రభువే చెప్పాడు కదా. బైబిల్‌లో కష్టాలపాలైన యోబును చూడటానికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే గాయపరిచారు. రోగి దగ్గరికి వెళ్లే విశ్వాసులారా, దయచేసి ముందు కూర్చోండి. ప్రార్థన చేయమంటారా అని అడగండి. వద్దంటే చెయ్యి పట్టుకుని ఉండండి. సువార్తను రోగి మీద రాయిలా విసరకండి.

పదకొండు రోజులకు గొట్టం తీశారు. బొంగురుగా గొంతు వచ్చింది. మా ఆయన చెవిలో మొదట అన్నది "దేవునికి స్తోత్రం" అనే. ఆయన వెక్కివెక్కి ఏడ్చారు.

ఆఫీసులో తొమ్మిదేళ్లుగా నా పక్క సీటులో కూర్చునే స్నేహితురాలు అప్పుడే చూడటానికి వచ్చింది. నా దిండు కింద బైబిల్ చూసి, "నీకు ఇంత నమ్మకం ఉందని నాకెప్పుడూ చెప్పలేదేం? నేను పనికిరాననా?" అంది. ఆ మాటలో నింద లేదు, నొచ్చుకున్న స్నేహం ఉంది. సంఘపు పెద్దావిడ మాట నాకు కోపం తెప్పించింది. ఈ మాట మాత్రం ఆ ముసలావిడ ఏడుపు పక్కన వచ్చి కూర్చుంది. బలవంతం చేసినట్టు ఉంటుందని నేను ఊరుకున్నానని చెప్పుకునేదాన్ని. నిజానికి నా గురించి ఏమనుకుంటారో అన్న సిగ్గు అది. బలవంతానికీ మౌనానికీ మధ్య, స్నేహితులు ఒకరితో ఒకరు తమ ప్రాణప్రదమైన సంగతి చెప్పుకునే చోటు ఒకటి ఉందని నాకు ముప్ఫై తొమ్మిదేళ్లకు తెలిసింది.

నడక నేర్చుకోవడానికి ఏడు నెలలు పట్టింది. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి ఒకరోజు, "మీరు ధైర్యంగా ఉంటారు, ఎలాగండీ?" అని అడిగాడు. ధైర్యం లేదని, రాత్రిళ్లు భయపడతానని, భయపడినప్పుడు ఎవరిని పిలుస్తానో చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. ఆ అబ్బాయి నమ్మాడా లేదా అన్నది నా చేతిలో లేదు. మీలోని నిరీక్షణకు, అంటే ఆశకు, కారణం అడిగినవారికి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని యేసు శిష్యుడు పేతురు రాశాడు. అడిగేలా బతకాలి, అడిగితే దాచకూడదు. ఇంకో శిష్యుడు అంద్రెయ చేసింది కూడా అంతే. ప్రసంగం చేయలేదు, తన సోదరుడు పేతురును వెతికి ప్రభువు దగ్గరికి తీసుకొచ్చాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు చెప్పుకోమని ద్వితీయోపదేశకాండంలో ఉంది. దాన్ని ఇన్నాళ్లూ పిల్లలకు కంఠస్థం చేయించాను తప్ప అందులో ఆదివారం అనే మాటే లేదని గమనించలేదు.

నా ఎడమ పాదం ఇంకా కొంచెం ఈడుస్తుంది. ఒక్క ఊపిరిలో 40 దాటుతున్నాను.

పోయిన నెల ఆ స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్ల నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారట, ఒకసారి వచ్చి ప్రార్థన చేస్తావా అంది. కర్ర పట్టుకుని వెళ్లాను. "ప్రార్థన చేయనా అంకుల్?" అని అడిగాను. ఆయన నా కర్ర వైపు చూసి, "ముందు కూర్చో తల్లీ, ఆ వెంటిలేటర్ మీద నీకు ఎలా ఉండేదో చెప్పు, నాకూ పెడతామంటున్నారు" అన్నారు. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, తొమ్మిది దగ్గర ఆగిపోయిన రాత్రి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.